రోజ్‌మేరీ, లావెండర్ కొమ్మలు: విశాఖలో ఎప్పుడు నాటాలి, ఎలా నాటాలి?

మేడమీదతోట (ఎంవీపీ కాలనీ), నవంబరు 24

అందరికీ నమస్కారం. మా మేడ మీద రోజ్‌మేరీ కుండీ ఒకటి గుబురుగా పెరిగింది. అక్టోబరు వానల్లో సన్‌షేడ్ కిందకి జరిపి కాపాడుకున్నాను. పక్కనే లావెండర్ కూడా ఉంది, ఆకు అంచులు రంపంలా ఉండే రకం. ఇప్పుడు మా ఆడపడుచుకి, కింద వాటా వాళ్లకి తలో మొక్క చేసి ఇవ్వాలని ఉంది. కొమ్మలు ఇప్పుడే కోయొచ్చా? ఏ మట్టిలో గుచ్చాలి? వేరు తెప్పించే హార్మోన్ పొడి తప్పనిసరా? వీడియోల్లో చెప్పేవాళ్లంతా బెంగళూరు, ఊటీ వైపు వాళ్లే. మన ఉక్కపోతలో పెంచుతున్నవాళ్లు చెబితే ధైర్యంగా ఉంటుంది.

మొక్కల మాస్టారు (సీతమ్మధార), నవంబరు 24

సరైన సమయానికి అడిగారమ్మా. మన ఊళ్లో ఈ రెండింటికీ నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి అదను. తుపాన్ల గొడవ సద్దుమణుగుతుంది, గాలిలో తేమ తగ్గుతుంది, రాత్రిళ్లు 20 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. కొమ్మ వేరు పట్టడానికి ఇంతకన్నా అనువైన రోజులు ఏడాదిలో మనకి మళ్లీ రావు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ మొక్కల పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. మన దగ్గర వేడి, తేమ, వాన మూడూ కలిసి జూన్‌లో మొదలై అక్టోబరు దాకా వదలవు. అందుకే విశాఖలో రోజ్‌మేరీ ఎండకి చనిపోవడం తక్కువ, తడికి చనిపోవడం ఎక్కువ. వేడిగా, తడిగా ఉన్న మట్టిలో వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు ఊరుకోవు. ఎవరు ఏ సలహా ఇచ్చినా, దానివల్ల వేరు దగ్గర తడి పెరుగుతుందా తగ్గుతుందా అని ఒక్కసారి చూసుకోండి, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇక కొమ్మ. మరీ లేత చిగురు వద్దు, వాడిపోతుంది. బూడిద రంగు బెరడు కట్టిన ముదురు కొమ్మ కూడా వద్దు, వేరు రావడానికి చాలా కాలం పడుతుంది. పైన పచ్చగా ఉండి, కింద అప్పుడప్పుడే గోధుమ రంగుకి తిరుగుతున్న కొమ్మ కావాలి. వేళ్ల మధ్య పట్టుకుని వంచితే వంగాలి, ఫట్‌మని విరగకూడదు. పువ్వు లేని కొమ్మే తీసుకోండి. పొద్దున్నే, ఎండ రాకముందు, 4 అంగుళాల ముక్క కణుపుకి కాస్త కిందగా పదునైన బ్లేడుతో కోయండి. కత్తెర మొండిగా ఉంటే కాడ నలుగుతుంది, నలిగినచోటే కుళ్లు మొదలవుతుంది. కింది సగంలో ఆకులన్నీ తీసేయండి. ఆకు కిందకి లాగితే తోలు ఊడొస్తుంది, కాబట్టి పైవైపుకి తుంచండి.

హార్మోన్ పొడి తప్పనిసరి కాదు. ఉంటే వేర్లు త్వరగా వస్తాయి, ఎక్కువ కొమ్మలు బతుకుతాయి. ఎరువులు, పురుగుమందుల షాపులో సగం ముదిరిన కొమ్మలకి వాడే ఐబీఏ పొడి అని అడగండి, లేత కొమ్మలకీ ముదురు కొమ్మలకీ వేరే మోతాదులు ఉంటాయి. కోసిన చివర కాస్త తడిచేసి, పొడిలో ముంచి, తట్టి దులిపేయండి. ఎక్కువ అంటితే మంచిదేమీ కాదు. పుల్లతో ముందే గుంట చేసి అందులో కొమ్మ దించితే పొడి రాలిపోదు.

పెందుర్తి రైతుబిడ్డ, నవంబరు 24

మాస్టారు చెప్పినదానికి మట్టి సంగతి కలుపుతున్నాను. వేరు పట్టేదాకా ఎరువు అసలు వద్దు. వర్మికంపోస్టు, పశువుల పెంట, ఏదీ వద్దు. కొమ్మకి అసలు వేరు లేనప్పుడు ఎరువు తినేది బూజే. కడిగిన నది ఇసుక, అదీ దొడ్డు రకం, రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు చాలు. పెర్లైట్ (నర్సరీల్లో అమ్మే తేలికైన తెల్ల గుళికలు) దొరికితే ఇసుక బదులు వాడుకోవచ్చు. కోకోపీట్ ఇటుకని నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్లు పారబోసి పిండండి, చౌక రకాల్లో ఉప్పు ఉంటుంది.

దయచేసి బీచ్ ఇసుక తేవద్దు. ఎంత కడిగినా ఉప్పు పూర్తిగా పోయిందో లేదో ఇంట్లో తేల్చుకోలేం, పైగా సన్నగా ఉండి గట్టిపడుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి సంచుల్లో మట్టి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అది భూవారసత్వ స్థలం, అంటే భూమి చరిత్ర చెప్పే చోటుగా కాపాడుతున్నది, చేయి పెట్టకూడదు. కుండీల కోసం దాన్ని తవ్వుతుంటే చూసి ఊరుకోలేం.

సాగరతీరం (లాసన్స్ బే కాలనీ), నవంబరు 25

నేను రోజ్‌మేరీని నీళ్లలోనే వేరు పట్టిస్తాను. గాజు సీసాలో కింది రెండు అంగుళాలు మునిగేలా పెట్టి, రోజు విడిచి రోజు నీళ్లు మారుస్తాను. వంటింటి కిటికీ దగ్గర వెలుతురు ఉంటుంది, ఎండ తగలదు. వేరు కళ్లముందే కనిపిస్తుంది కాబట్టి టెన్షన్ ఉండదు. ముందు కోసిన చివర తెల్లగా చిన్న చిన్న బొడిపెలు వస్తాయి, తర్వాత వాటి దగ్గరి నుంచి దారం లాంటి వేర్లు దిగుతాయి.

అయితే ఈ పద్ధతి లావెండర్‌కి పనికిరాదు. నీళ్లలో కాడ మెత్తబడి పోతుంది. అది ఇసుకలోనే.

మొక్కల మాస్టారు, నవంబరు 25

నిజమే. రోజ్‌మేరీకి నీళ్లు పనిచేస్తాయి. కాకపోతే నీళ్లలో వచ్చిన వేరు పెళుసుగా ఉంటుంది, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతుంది. అరంగుళం వేరు రాగానే మార్చేయండి, గుత్తులుగా పెరిగేదాకా ఆగొద్దు.

కొత్త కుండీ (మధురవాడ), నవంబరు 25

సూపర్‌మార్కెట్‌లో వంటకి ప్యాకెట్లలో అమ్మే రోజ్‌మేరీ కొమ్మలు నాటితే వస్తాయా అండీ? మాకు ఇక్కడ మొక్క దొరకలేదు.

గాజువాక వంటిల్లు, నవంబరు 25

వస్తాయి, తాజాగా ఉంటే. ఆకు నల్లబడకుండా, ప్యాకెట్ లోపల నీటి చుక్కలు పట్టకుండా ఉన్నది ఎంచుకోండి. ఇంటికి రాగానే చివర మళ్లీ కోసి నాటండి. ఎక్కువ రోజులు ఫ్రిజ్‌లో ఉన్న కొమ్మకి ఓపిక ఉండదు. లేత చివర్లు వంటకి వాడుకోండి, కాస్త ముదిరినవి నాటండి. బంగాళాదుంప ముక్కలు నూనెలో వేగేటప్పుడు ఒక చిన్న రెమ్మ వేస్తే చాలు, ఎక్కువ వేస్తే చేదు వస్తుంది.

సాఫ్ట్‌వేర్ తోటమాలి (రుషికొండ), నవంబరు 26

విత్తనాలతో చేయలేమా? ఆన్‌లైన్‌లో 50 రూపాయలకే లావెండర్ విత్తనాలు ఇస్తున్నారు.

పెందుర్తి రైతుబిడ్డ, నవంబరు 26

తమ్ముడూ, ఆ డబ్బులు దాచుకో. రోజ్‌మేరీ విత్తనం మొలక శాతం తక్కువ, మొలిచినా ఎదుగుదల చాలా నెమ్మది. మామూలు లావెండర్ విత్తనానికి కొన్ని వారాలు చల్లదనం చూపిస్తే గానీ సరిగ్గా మొలవదు. పైగా విత్తనంతో వచ్చే మొక్క తల్లిలాగే ఉంటుందని నమ్మకం లేదు. కొమ్మతో వచ్చిన మొక్క అచ్చంగా తల్లి మొక్కే. మన వేడికి తట్టుకున్న మొక్క నుంచే కొమ్మ తీసుకుంటే ఆ గుణం కూడా వస్తుంది, నాకు అదే పెద్ద లాభంగా కనిపిస్తుంది.

అరకు గాలి (అరకు లోయ), నవంబరు 27

లావెండర్ గురించి ఒక మాట. నగరంలో ఉన్నవాళ్లు లావెండర్ అనగానే ఊదారంగు పొలాల ఫోటోలు చూసి ఆశపడతారు. ఆ ఫోటోల్లో ఉండేది ఇంగ్లిష్ లావెండర్, లేదా దాని సంకరం. దానికి చలికాలం నిజంగా చలిగా ఉండాలి. మన దేశంలో లావెండర్ సాగుకి పేరున్నది జమ్మూలోని భదర్వా. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే అరోమా మిషన్ (సుగంధ మొక్కల సాగు పథకం) కింద అక్కడి రైతులు మొక్కజొన్న వదిలి దీనికి మారారు. ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, శీతాకాలంలో మంచు పడుతుంది. మా అరకు 900 మీటర్ల పైచిలుకే. ఇక్కడ కూడా ఇంగ్లిష్ రకం వానాకాలంలో ఇబ్బంది పడుతుంది. సముద్రం ఒడ్డున ఇంక చెప్పేదేముంది?

మేడమీదతోట గారు చెప్పిన రంపపు అంచు రకం వేరు. దాన్ని ఫ్రెంచ్ లావెండర్ అంటారు, శాస్త్రీయ నామం లావండ్యులా డెంటాటా. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు, వేడినీ తేమనీ కొంత తట్టుకుంటుంది. ఆకుని వేళ్లతో నలిపితే తియ్యటి సువాసన కన్నా కర్పూరం వాసన ఎక్కువ తెలుస్తుంది. విశాఖలో కొనాలనుకునేవాళ్లు నర్సరీలో పేరు అడగడం కన్నా ఆకు చూడండి. సన్నగా నున్నగా ఉన్న బూడిదరంగు ఆకు అయితే ఆలోచించుకోండి, అంచున పళ్లు ఉంటే తీసుకోండి.

సాగరతీరం, నవంబరు 27

ఆ మాటతో నాకు పూర్తిగా ఏకీభావం లేదండీ. డెంటాటా కూడా మా దగ్గర రెండో వానాకాలం దాటడం కష్టంగానే ఉంది. ఉప్పు గాలి రోజ్‌మేరీని పెద్దగా ఏమీ చేయదు, అప్పుడప్పుడు ఆకులు మంచినీళ్లతో కడిగితే సరిపోతుంది. లావెండర్ ఆకు కొసలు మాత్రం మాడిపోతున్నాయి. మొక్కలు తెచ్చి చంపుకోవడం ఎందుకు, మరువం, వాము ఆకు పెంచుకుంటే వాసనకి వాసన, వంటకి వంట.

మొక్కల మాస్టారు, నవంబరు 28

మరువం, వాము ఆకు, తులసి, రోజ్‌మేరీ, లావెండర్ అన్నీ ఒకే కుటుంబం, తులసి కుటుంబం. రోజ్‌మేరీకి 1753లో వృక్ష శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు రోస్మరైనస్ అఫిసినాలిస్. జన్యు పరిశోధనల తర్వాత 2017లో దాన్ని సాల్వియా ప్రజాతిలో కలిపారు, ఇప్పుడు సాల్వియా రోస్మరైనస్ అంటున్నారు. కుటుంబం ఒకటే గానీ స్వభావాలు వేరు. వాము ఆకు కొమ్మ ఎక్కడ పడేసినా బతుకుతుంది. ఆ అలవాటుతో రోజ్‌మేరీకి రోజూ నీళ్లు పోసేవాళ్లే నష్టపోతున్నారు.

సాగరతీరం గారి అనుభవాన్ని నేను కాదనను. నా అభిప్రాయం ఏమిటంటే, మన ఊళ్లో లావెండర్‌ని ఒక్క మొక్కగా చూడకూడదు, ఒక వరసగా చూడాలి. ప్రతి చలికాలం తల్లి మొక్క నుంచి కొమ్మలు తీసి కొత్త మొక్కలు చేసుకుంటూ పోవాలి. తల్లి వానల్లో పోయినా పిల్ల ఉంటుంది. రోజ్‌మేరీ ఎక్కువ ఏళ్లు ఉంటుంది గానీ దానికీ ఈ అలవాటు మంచిదే. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12 గుర్తున్నవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. మేడ మీద ఉన్నదంతా ఒక్క రోజులో పోవచ్చు. తెలిసినవాళ్ల ఇంట్లో మన మొక్క పిల్ల ఒకటి ఉంటే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మేడమీదతోట, డిసెంబరు 14

మాస్టారూ, చెప్పినట్టే పెట్టాను. ఇసుకలో పెట్టిన రోజ్‌మేరీ కొమ్మలు పచ్చగా ఉన్నాయి. మా అమ్మాయి సగం కొమ్మల మీద ప్లాస్టిక్ కవరు కట్టింది, తేమ ఉంటే వేరు త్వరగా వస్తుందని ఎక్కడో చదివిందట. ఆ కవరులో ఉన్నవి కాడ అడుగున నల్లబడుతున్నాయి. లావెండర్ ఆకుల మీద బూడిదరంగు బూజులాంటిది కూడా కనిపిస్తోంది. ఏం చేయమంటారు?

మొక్కల మాస్టారు, డిసెంబరు 14

కవరు వెంటనే తీసేయండి. ఆ సలహా పొడి ప్రాంతాలకి. హైదరాబాద్‌లో ఎండాకాలం అయితే కవరు అవసరం పడొచ్చు. మన గాలిలోనే కావలసినంత తేమ ఉంది. పైగా లావెండర్ ఆకుకి సన్నటి నూగు ఉంటుంది, నీటి చుక్క దాని మీద పట్టుకుని కూర్చుంటుంది. కవరు లోపల ఆవిరి చేరితే ఆ నూగు ఆరదు, బూజు పట్టేస్తుంది.

కాడ అడుగున నల్లబడిన కొమ్మలు బతకవు, తీసి పారేయండి, కుళ్లు పక్కవాటికి అంటుకుంటుంది. ఏదైనా ముక్కలో నల్లదనం కింద అంగుళమే ఉండి పైన పచ్చగా ఉంటే, పచ్చ భాగం దాకా కోసి కొత్త ఇసుకలో మళ్లీ నాటి చూడండి. పాత ఇసుక మళ్లీ వాడకండి. కుండీని గాలి ఆడే చోట, ఎండ పడని వెలుతురులో పెట్టండి. పైనుంచి చల్లొద్దు. పళ్లెంలో నీళ్లు పోసి కుండీని అందులో ఓ పావుగంట ఉంచి తీసేయండి. మళ్లీ పైన ఇసుక పొడిబారితేనే నీళ్లు.

కొత్త కుండీ, డిసెంబరు 15

దాల్చినచెక్క పొడి, కలబంద గుజ్జు రాస్తే హార్మోన్ బదులు పనిచేస్తాయని విన్నాను?

పెందుర్తి రైతుబిడ్డ, డిసెంబరు 15

దాల్చినచెక్క పొడి బూజుని కొంత ఆపుతుంది, వేరు తెప్పించదు. కలబంద రాస్తే నష్టం లేదు గానీ ఐబీఏ చేసే పని అది చేస్తుందని లెక్కపెట్టుకోవద్దు. ఏదీ లేకుండా పెట్టినా రోజ్‌మేరీ వస్తుంది. ఓపిక పట్టాలి, అంతే.

కొత్త కుండీ, జనవరి 9

నా రోజ్‌మేరీకి కొత్త చిగుళ్లు వచ్చాయి! వేరు పట్టినట్టేనా? పెద్ద కుండీలోకి మార్చేయనా?

గాజువాక వంటిల్లు, జనవరి 9

సంతోషం అండీ! కానీ ఆగండి, చిగురు చూసి మోసపోకూడదు. కాడలో దాచుకున్న బలంతో కూడా చిగురేస్తుంది. బొటనవేలు, చూపుడువేలుతో కాడని పట్టుకుని చాలా మెల్లగా పైకి లాగి చూడండి. ఇసుక పట్టుకున్నట్టు ఎదురు బిగువు తెలిస్తే వేరు ఉంది. జారినట్టు కదిలితే ఇంకా లేదు, అలాగే నొక్కి వదిలేయండి. రోజూ లాగి చూడొద్దు, సన్న వేర్లు తెగుతాయి. మామూలుగా 4 నుంచి 8 వారాలు పడుతుంది. పారదర్శకమైన గ్లాసులో నాటినవాళ్లకి ఈ బాధ లేదు, అడుగున తెల్లగా కనిపిస్తాయి.

మేడమీదతోట, జనవరి 18

మా వాటికి వేర్లు వచ్చాయి! కవరు కట్టని రోజ్‌మేరీ దాదాపు అన్నీ, లావెండర్ కొన్ని. మట్టి ఎలా కలపాలో చెప్పండి.

పెందుర్తి రైతుబిడ్డ, జనవరి 18

మట్టి కుండీయే తీసుకోండమ్మా, ప్లాస్టిక్ వద్దు. 5, 6 అంగుళాల కుండీ చాలు. చిన్న మొక్కకి పెద్ద కుండీ ఇస్తే వేరు తాగని నీళ్లు మట్టిలో నిలిచిపోతాయి. మన ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, ఇల్లు కట్టేచోట దొరికే బేబీ చిప్స్ (సన్న కంకర) గానీ ఇటుక ముక్కల నలుసు గానీ ఒక పాలు. దాంట్లో గుప్పెడు బాగా మాగిన కంపోస్టు. అంతకన్నా బలం వద్దు, ఎరువు ఎక్కువైతే కొమ్మ మెత్తగా పెరుగుతుంది, వాసన తగ్గుతుంది. లావెండర్ కుండీకి చిటికెడు సున్నం పొడి కలిపితే మంచిది, దానికి పుల్లటి మట్టి పడదు. కలిపిన మట్టిలో నీళ్లు పోసి చూడండి. పైన నిలబడకుండా వెంటనే అడుగున కారాలి. నిలబడితే ఇంకో గుప్పెడు చిప్స్ వేయండి.

కుండీ కింద పళ్లెం పెట్టకండి. రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే చిల్లు మూసుకోదు.

సాగరతీరం, జనవరి 18

సముద్రం దగ్గర బోరు నీళ్లు వాడేవాళ్లు జాగ్రత్త. మట్టి కుండీ బయట తెల్లగా పొర కడుతుంటే నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్నట్టు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు గానీ పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ నెలకోసారి ధారాళంగా పోసి అడుగు నుంచి కారనిస్తే ఉప్పు కొట్టుకుపోతుంది.

సాఫ్ట్‌వేర్ తోటమాలి, ఫిబ్రవరి 2

మా చెల్లి రోజ్‌మేరీ వాటర్ కోసమే మొక్క అడుగుతోంది. ఆకులు మరిగించి జుట్టుకి రాస్తే నిజంగా ఒత్తుగా వస్తుందా?

మొక్కల మాస్టారు, ఫిబ్రవరి 2

అందరూ చెప్పుకునేది 2015లో వచ్చిన ఒక అధ్యయనం గురించి. మగవాళ్లలో వచ్చే బట్టతలకి రోజ్‌మేరీ తైలాన్ని జుట్టు మొలవడానికి రాసే మందు మినాక్సిడిల్ (2 శాతం)తో 6 నెలలు పోల్చి చూశారు, ఇంచుమించు ఒకేలాంటి ఫలితం కనిపించింది. 100 మందితో చేసిన చిన్న అధ్యయనం అది. అందులో వాడింది తైలం, మరిగించిన నీళ్లు కాదు. రాసుకోవాలనుకుంటే ముందు మోచేతి లోపల కాస్త రాసి చూడమనండి, దురద వస్తే మానేయాలి. చేసిన నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయాలి. జుట్టు బాగా ఊడుతుంటే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లడం మంచిది. ఒక్కసారే మొక్కని బోడి చేయొద్దని కూడా చెప్పండి.

మేడమీదతోట, ఫిబ్రవరి 3

అవును, కత్తిరింపు గురించి అడుగుదామనుకున్నాను. ఎంత వరకూ కోయొచ్చు?

మొక్కల మాస్టారు, ఫిబ్రవరి 3

ఒకసారికి మొక్కలో మూడో వంతు మించకూడదు. ఆకులు ఉన్నచోటే కోయాలి. ఆకు లేని మాను భాగం దాకా నరికితే రోజ్‌మేరీ, లావెండర్ అక్కడి నుంచి మళ్లీ చిగురించడం అరుదు. వానలకి ముందు, మే ఆఖరులో, లోపలి సన్న పుల్లలు తీసేసి గుబురు పలచబరచండి. గాలి ఆడితే ఆకు త్వరగా ఆరుతుంది. పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వంటకి వాడే కొమ్మలైతే తర్వాత బాగా కడగాలి.

అరకు గాలి, ఫిబ్రవరి 4

కొమ్మలు కోసి నాటడానికి భయపడేవాళ్లకి నేల అంటు చెప్పలేదు ఎవరూ. రోజ్‌మేరీ కింది కొమ్మ ఒకటి పొడవుగా ఉంటే దాన్ని వంచి, మట్టికి తగిలేచోట ఆకులు తీసి, అడుగు తోలు కాస్త గీకి, పక్కన పెట్టిన చిన్న కుండీలోకి తీగతో గుచ్చి, పైన మట్టి కప్పండి. చివర బయట ఉండాలి. తల్లి నుంచి ఆహారం అందుతూనే ఉంటుంది కాబట్టి ఎండిపోయే భయం లేదు. వేరు పట్టాక తల్లి వైపు కోసేస్తే మొక్క తయారు. హార్మోన్ లేకపోయినా పరవాలేదు, కాలం కాస్త అటూ ఇటూ అయినా వస్తుంది.

కొత్త కుండీ, ఫిబ్రవరి 20

మా ఫ్లాట్‌కి ఉత్తరం వైపు బాల్కనీ ఒక్కటే. ఎండ రాదు. మొక్కని అక్కడే ఉంచొచ్చా? ఏప్రిల్, మే ఎండలు తలుచుకుంటే అదే నయమేమో అనిపిస్తోంది.

గాజువాక వంటిల్లు, ఫిబ్రవరి 20

ఉత్తరం బాల్కనీలో సన్నగా సాగి వాలిపోతుందండీ, నీళ్లు కూడా ఆరవు. రోజుకి 5, 6 గంటల ఎండ కావాలి. అసోసియేషన్ వాళ్లని అడిగి మేడ మీద ఒక మూల తీసుకోండి. ఇప్పటి నుంచే రోజుకి గంట చొప్పున ఎండ అలవాటు చేయండి, నీడలో పెరిగిన మొక్కని ఒకేసారి ఎండలో పెడితే ఆకు మాడుతుంది. ఏప్రిల్ వచ్చాక పొద్దున ఎండ పడి 11 తర్వాత గోడ నీడ వచ్చేచోటికి మార్చండి. మేడ సిమెంటు వేడి కింద నుంచి వేరుకి తగులుతుంది కాబట్టి కుండీని పెద్ద కుండీలో పెట్టి మధ్యలో ఇసుక నింపండి. నీళ్లు పొద్దున్నే, మట్టిలో వేలు అంగుళం దించి చూసి, పొడిగా ఉంటేనే.

మేడమీదతోట, ఫిబ్రవరి 21

కొత్త కుండీ గారూ, మేడ మీద చోటు దొరికితే చెప్పండి. మా దగ్గర పంచగా రెండు రోజ్‌మేరీలు, ఒక లావెండర్ మిగిలాయి. ఆదివారం పొద్దున ఎంవీపీ రైతుబజారుకి వస్తాను, గేటు దగ్గర ఇస్తాను. కుండీతోనే తీసుకెళ్లండి, ఈ నెలలో వేరు కదపొద్దు.

కొత్త కుండీ, ఫిబ్రవరి 21

వాచ్‌మేన్‌తో మాట్లాడాను, తూర్పు వైపు ట్యాంకు పక్కన చోటు ఇస్తామన్నారు. చాలా థ్యాంక్స్ అక్కా. ఆదివారం 7 గంటలకి వస్తాను. మా ఇంట్లో వాము ఆకు బోలెడు ఉంది, మీకు నాలుగు కొమ్మలు తెస్తాను.